రెండో బంతి

డాక్టర్ సూర్యనారాయణ అబద్ధం ఆడుతున్నాడని క్యాథరిన్‌కి మూడో ప్రశ్నకే తెలిసిపోయింది. ఏ అబద్ధమో మాత్రం ఎంతకీ అంతు చిక్కలేదు.

తాడేపల్లిగూడెంలో ఆయన సొంత హాస్పిటల్, మేడమీద ఆయన గది. ఉదయం తొమ్మిది దాటింది. లిఫ్టు పనిచెయ్యడం లేదని కింద చెప్పారు. ఎముకల హాస్పిటల్లో లిఫ్టు పాడైతే రోగులు ఎలా ఎక్కుతారమ్మా అని అడగబోయి, ఓపిక లేక ఊరుకుని, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది క్యాథరిన్. పాతికేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా ఉండగా విసుగొచ్చి మానేసి, ఏలూరులో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. సొంత పని కదా, హాయిగా ఉంటుందనుకుంది. జీపు పోయింది, కానిస్టేబుళ్ళు పోయారు, మోకాళ్ళ నొప్పులు మాత్రం వదల్లేదు.

"అబ్బులు మా ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ అండీ. మంచివాడు. మొన్న సెలవు పెట్టి ఆకివీడు వెళ్ళాడు. వాళ్ళ బావమరిది కూతురి ప్రధానం విందట. అక్కడి చేపల చెరువులో పడి పోయాడని సాయంత్రం కబురొచ్చింది. అంతకుమించి నాకేం తెలుసు?" అన్నాడు డాక్టరు.

"మొన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారండీ?"

"ఏలూరులో. డాక్టర్ల మీటింగు."

"పొద్దుపోయేదాకానా?"

"భోజనాల దాకా." ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. "ఏవండీ, నాకు సాయంత్రం నాలుగింటికి పెద్ద ఆపరేషనుంది. మీ పాత శిష్యుడు, ఆకివీడు ఇన్‌స్పెక్టర్ ఫణికిరణ్ గారి అమ్మగారికే. చూడండి."

గోడమీది తెరలో ఎక్స్‌రే ఉంది. తుంటి దగ్గర ఎముక అక్కడక్కడా వెలిసిపోయి, తడిసిన అప్పడంలా కనిపించింది.

"దుర్గాదేవిగారికి మూడేళ్ళ క్రితం వేరేచోట కీలు మార్చారు. లోపల చీముపట్టి ఎముకని తినేసింది. పాత కీలు తీసేసి, పాడైన ఎముకంతా గీకి, రెండు నెలల కిందట తాత్కాలికంగా స్పేసర్ పెట్టాను. ఇవాళ దాన్ని తీసేసి, దాతల ఎముక నింపి, లోహపు జల్లెడ బిగించి, కొత్త కీలు కూర్చోబెడతాను. లోపల చీము ఛాయ మిగలకూడదు. మిగిలిందా, ఆ కొత్త ఎముక కూడా పోతుంది. మళ్ళీ పెట్టడానికి అక్కడ ఆధారమే ఉండదు. ఇదే ఆఖరి అవకాశం."

చెప్పడంలో గర్వం ఉంది. అలసట కూడా ఉంది. కళ్ళకింద నల్లగా, రెండు రోజులుగా నిద్ర లేనివాడిలా ఉన్నాడు. పాపం పెద్ద ఆపరేషను బెంగ కాబోలని క్యాథరిన్ ఒక్క క్షణం జాలిపడింది కూడా.

లేవబోతూ ఆఖరి ప్రశ్న వేసింది. "చనిపోయే ముందు అబ్బులు వాళ్ళావిడకి ఫోన్లో మాట రికార్డు చేసి పంపాడండీ. 'రెండో బంతిలో మందు లేదు సరోజా, వాళ్ళకి మొహం ఎలా చూపించను' అని. మీకేమైనా—"

"కలిపాడు," అన్నాడు డాక్టరు చటుక్కున. "నేను చూస్తూండగానే కలిపాడు."

లేవబోయిన క్యాథరిన్ మళ్ళీ కూర్చుంది.

"ఏం కలిపాడండీ?"

"అబ్బే, ఏం లేదు. వాళ్ళ విందుగోల నాకేం తెలుసు? ఏదో ధ్యాసలో అన్నాను." ఆయన చెయ్యి బల్లమీది పెన్నుని అటూ ఇటూ జరుపుతోంది. "ఇంక నన్ను వదిలెయ్యండి మేడమ్. థియేటర్‌కి వెళ్ళాలి."

క్యాథరిన్ మెట్లు దిగుతూ ఆ మాటనే నమిలింది. చూస్తూండగానే కలిపాడట! అంటే ఈయన ఆ విందులో ఉన్నాడన్నమాట. ఏలూరు మీటింగులో భోజనాలకి లేచి, ఆకివీడు వచ్చి, ఎవరో మందు కలుపుతుంటే చూశాడన్నమాట. అంత పెద్ద డాక్టరు చెరువుగట్టు మీద సీసాల మధ్య ఏం చేస్తున్నట్టు? లెక్క కుదరలేదు. కుదరకపోయినా కారెక్కింది. వేరే దారి లేదు.

సరోజకి ఇచ్చిన మాట అలాంటిది. సరోజ అబ్బులు భార్య. అబ్బుల్ని చంపాడని పోలీసులు నిన్న రాత్రి పట్టుకెళ్ళిన విశ్వాసం ఆమె తమ్ముడు. మొగుడి శవపేటికకి మేకులు కొట్టించి ఇంటికొచ్చేసరికి తమ్ముడి చేతికి బేడీలు పడ్డాయి. "మా తమ్ముడు కోడిని కొయ్యాలన్నా పక్కింటివాణ్ణి పిలుస్తాడండీ" అని ఆమె ఏడ్చిన ఏడుపుకి క్యాథరిన్ ఒప్పేసుకుంది. ఇవాళే విశ్వాసాన్ని మేజిస్ట్రేటు ముందు పెడతారు. రిమాండు పడితే అతని కూతురి పెళ్ళి ఆగిపోయినట్టే. మామని చంపినవాడి ఇంటి పిల్లని ఎవరు చేసుకుంటారు?

గణపవరం మీదుగా గంటకి పైగా పట్టింది. ఆకివీడు దాటాక చేపల లారీల వెనకాల నీళ్ళు కారుతున్న రోడ్డు, ఆ తర్వాత మట్టిగట్టు. చెరువు దగ్గర షామియానా ఇంకా విప్పలేదు. దాని కింద జీపు. జీపు వెనకసీట్లో విశ్వాసం తలొంచుకుని కూర్చున్నాడు. ఎలా తోశాడో చూపించమని పట్టుకొచ్చినట్టున్నారు. సరోజ తెల్లచీర కొంగు నోట్లో కుక్కుకుని షామియానా గుంజకి ఆనుకుని నిలబడి ఉంది.

"రండి మేడమ్, రండి. మీరు లేకపోతే పండగలా లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఫణికిరణ్. ఒకప్పుడు ఆమె దగ్గరే ఎస్సైగా పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాంట్లో తొందరపాటు మాత్రం ఆమె నేర్పింది కాదు.

"మీ ముచ్చట నేనెందుకు చెడగొట్టాలి ఇన్‌స్పెక్టరుగారూ. కథ చెప్పండి, వింటాను."

"కథ కాదు, కేసు." అతను షామియానా కింద బల్లలు చూపించాడు. "మొదటి బంతి ఇక్కడ, పెళ్ళికొడుకు తరఫు పెద్దలు. వాళ్ళకి షెడ్డు వెనకాల మందు పోయించారు. రెండో బంతిలో ఉండి ఊరి నుంచి వచ్చిన కుర్రాళ్ళు కూర్చున్నారు. వాళ్ళొచ్చేసరికి మందు అయిపోయింది. వియ్యాలవారి ముందు పరువు పోయిందని అబ్బులు బాధపడ్డాడు. వాళ్ళకి మొహం ఎలా చూపించను అన్నాడు. భార్య ఫోన్లో అతని గొంతే ఉంది. ఆ తర్వాత మందు సంగతి చూసుకోలేదేమని బావమరిది చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరూ తోసుకున్నారు. పదిమంది చూశారు. అతను నీళ్ళలో పడ్డాడు. ఇంకేం కావాలి మీకు?"

"తోసుకోవడం పదిమంది చూశారు. పడ్డం ఎంతమంది చూశారు?"

ఫణికిరణ్ మొహం మాడ్చుకున్నాడు. "పడ్డం ఎవరూ చూడలేదు."

"అయ్యా, మా ఆయన మందు ముట్టరండీ," అంది సరోజ. "పెళ్ళయినప్పట్నుంచీ చర్చిలో తంబురా పట్టుకునే మనిషి. మందు లేదని ఆయన బాధపడ్డం ఏంటండీ, నాకు అర్థంకాక చస్తున్నాను."

"తనకోసం కాదమ్మా, చుట్టాల కోసం."

క్యాథరిన్ జీపు దగ్గరికి వెళ్ళింది. "విశ్వాసం, మీ బావ నీ చొక్కా ఎందుకు పట్టుకున్నాడు?"

"కారు తాళాలడిగాడండీ," అన్నాడతను. "అర్జంటుగా తాడేపల్లిగూడెం వెళ్ళాలి, నన్ను దింపు అన్నాడు. రెండో బంతి కూర్చుంటోంది బావా, మావయ్యవి నువ్వే లేకపోతే ఎలా అన్నాను. వినలేదండీ. చొక్కా పట్టుకుని లాగాడు. నేనూ తోశాను. ఇక్కడే, ఈ బల్లల దగ్గరే. అంతేనండీ. తర్వాత వడ్డనలో పడిపోయాను."

"విన్నారా?" అంది క్యాథరిన్ ఇన్‌స్పెక్టరుతో. "మందు గొడవైతే గూడెం ఎందుకు వెళ్తానంటాడు?"

"నిందితుడు ఏదైనా చెప్తాడు మేడమ్. మీరు నేర్పిందే."

ఆమెకి ఒళ్ళు మండింది. మండినా మాట తూలలేదు. ఎండలో మాట తూలితే తనకే ఆయాసం. సరోజవైపు తిరిగింది. "చొక్కా గొడవయ్యాక మీ ఆయన ఎటు వెళ్ళారమ్మా?"

"ఏదో ఫోనొచ్చిందండీ. మాట్లాడుకుంటూ అటు, చెరువుకి ఆవలిగట్టు మీదికి వెళ్ళారు. అన్నం తిని వెళ్ళండీ అని అరిచాను. చెయ్యూపారు."

"ఆ ఫోను ఎక్కడిదో కనుక్కున్నారా ఇన్‌స్పెక్టరుగారూ?"

"కనుక్కున్నాం. హాస్పిటల్ పేరున ఉన్న సెల్ నంబరు. సెలవు సంగతి అయ్యుంటుంది."

చెరువు చుట్టూ తిరిగి ఆవలిగట్టు చేరేసరికి క్యాథరిన్‌కి ఊపిరి అందలేదు. శవం తేలింది ఇటువైపే. షామియానా నుంచి ఇక్కడికి చెరువు వెడల్పంతా ఉంది. అక్కడ తోస్తే ఇక్కడ తేలాడంటే సరే, నీళ్ళు నెట్టుకొచ్చాయనుకోవచ్చు. కానీ గట్టు మీద, మొన్నటి వానకి మెత్తబడిన మట్టిలో కారు చక్రాల జాడలున్నాయి. వచ్చి, ఆగి, ముందుకీ వెనక్కీ కొట్టి తిరిగి వెళ్ళిన జాడలు.

"చేపల మేత బండివి," అన్నాడు వెనకే వచ్చిన ఫణికిరణ్.

"మేత బండికి వెనకాల జంట చక్రాలుంటాయి. ఇవి ఒంటి చక్రాలు. ఇటు తిరగడం అలవాటు లేనివాడు, గట్టు అంచుదాకా పోయి భయపడి వెనక్కొచ్చాడు. విందుకొచ్చినవాడైతే షామియానా దగ్గర ఆపుకునేవాడు. మీ డాక్టరు సూర్యనారాయణ కారు మొన్న ఎక్కడుందో అడిగారా?"

అతను నవ్వేశాడు. "డాక్టరుగారా! ఆయన దేవుడండీ. మా అమ్మని రెండు నెలల్నుంచీ కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. మీకు ఎవరూ దొరక్క ఆయన మీద పడ్డారా?"

"ఆయన విందులో ఉన్నాడు. మందు కలపడం కళ్ళారా చూశానని నోరు జారాడు."

"ఉంటే పదిమంది చూసేవారు. అడుగుదాం రండి. సరోజమ్మా, విందుకి డాక్టరుగారు వచ్చారా?"

"లేదండీ," అంది వాళ్ళ వెనకాలే గట్టుమీదికి వచ్చిన సరోజ. "ఆయన మా ఇంటికెందుకొస్తారు?"

 క్యాథరిన్ పట్టుకున్న ఒక్క కొసా చేతిలోంచి జారిపోయింది. విందులో లేనివాడు విందులో కలిపిన మందుని ఎలా చూశాడు?

షామియానా కిందికి తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. మంచినీళ్ళు తాగింది. విశ్వాసం జీపులోంచి ఆమెనే చూస్తున్నాడు. ఆమె తల తిప్పుకుంది.

ఫణికిరణ్ చిన్న ప్లాస్టిక్ కవరు తీసి సరోజకి ఇవ్వబోయాడు. "మీ ఆయన జేబులో ఉన్నవమ్మా. రుమాలు, రెండు గోళీలు. కుర్రాడివనుకుంటాను."

"మా అబ్బాయి ఇంటరండీ, గోళీలేంటి? ఆయన జేబులో ఎప్పుడూ ఇలాంటివేవో ఉంటాయి. హాస్పిటల్నుంచి వస్తూ తెచ్చుకుంటారు. ఉతికేటప్పుడు పారేస్తాను. ఈ రెండూ మాత్రం పారెయ్యనివ్వలేదండీ. చొక్కా మార్చినప్పుడల్లా జేబు మార్చుకునేవారు."

క్యాథరిన్ వాటిని అరచేతిలో వేసుకుంది. గాజువి కావు. ఏదో పిండిని వేళ్ళమధ్య ఉండచేస్తే గట్టిపడినట్టున్నాయి. మీద వేలిముద్రలు కూడా ఉన్నాయి. ఒకటి గరుకుగా, రవ్వ కలిసినట్టు, కాస్త పచ్చగా ఉంది. రెండోది తెల్లగా, నున్నగా.

"ఏమిటివి?"

"ఏవైతేనేం మేడమ్!" ఫణికిరణ్ సహనం అయిపోయింది. టోపీ తీసి బల్లమీద కొట్టాడు. "మీకు పొద్దుపోదు, నాకు పనుంది. మూడు రోజుల్నుంచీ అమ్మకి జ్వరం, నాకు నిద్ర లేదు. ఈ మనిషిని కోర్టులో పెట్టి నాలుగింటికల్లా గూడెం చేరాలి. ఇవాళ అమ్మ తుంట్లో బంతి తీస్తున్నారు. నేను పక్కన లేకపోతే ఆవిడ—"

"ఏం తీస్తున్నారు?"

"బంతి. సిమెంటు బంతి. పాత కీలు తీసేసిన ఖాళీలో పెడతారు. అక్కడ అందరూ బంతనే అంటారు, డాక్టరొక్కడే స్పేసరంటాడు. చీము చావడానికి అందులో మందు కలిపి..."

అతను ఆగిపోయాడు.

 చెరువులో ఏదో చేప ఎగిరిపడింది. రెండో బంతిలో మందు లేదు సరోజా. వాళ్ళకి మొహం ఎలా చూపించను. పదిసార్లు విన్న మాటే, ఇప్పుడు మొదటిసారి వినపడింది.

"అయ్యో, విందు కాదా!" అంది సరోజ మెల్లిగా. "మేమంతా అన్నాల దగ్గరున్నాం కదండీ, బంతంటే అదే అనుకున్నాను."

క్యాథరిన్ అరచెయ్యి అతని ముందు చాపింది. "ఇవి మిగిలిన సిమెంటుతో చేసినవి. గరుకుది మందు కలిసింది. నున్నది కలవనిది. అబ్బులు మర్చిపోయి ఉంటాడు. మర్చిపోయానని తెలిసి, ఈ రెండూ జేబులో పెట్టుకుని తిరిగాడు. ఆ రోజు మీ అమ్మగారొక్కరికేనా పెట్టింది?"

"ఇద్దరికి," అన్నాడు ఫణికిరణ్.  "ముందు ప్రసన్నకుమారి టీచరుగారికి. ఆవిడ బాగుపడి ఇంటికెళ్ళిపోయింది. నేను బయట బెంచీమీద కూర్చున్నాను మేడమ్. అమ్మది రెండోది."

"జ్వరం ఎందుకన్నాడు డాక్టరు?"

"వాతావరణం మార్పన్నాడు. రక్తపరీక్షలు బాగున్నాయన్నాడే!"

"కాగితం మీరు చూశారా, ఆయన చెప్పాడా?"

 "ఆయనే చెప్పాడు."

ఇప్పుడన్నీ వాటంతటవే వరసలోకి వచ్చి నిలబడ్డాయి. కొత్త కీలు వేసే రోజు దగ్గరపడేసరికి అబ్బులు ఉండబట్టలేకపోయాడు. విందులో ఉండగా డాక్టరుకి ఫోన్లో చెప్పాడు, ఇన్‌స్పెక్టరుగారికి కూడా చెప్పేస్తానన్నాడు. ఇన్‌స్పెక్టరు తల్లి ఒంట్లో మందులేని బంతి పెట్టి రెండు నెలలు దాచిన హాస్పిటల్ ఇంకేం మిగులుతుంది? ఆగు, నేనే వస్తున్నానని డాక్టరు అన్నాడు. వచ్చాడు. ఆవలిగట్టు మీద కారాపాడు. ఇప్పుడు మిగిలిన సాక్ష్యం ఆ బంతి ఒక్కటే. దాన్ని తీసి పారేసే హక్కు కూడా ఆయనకే ఉంది. పైన కొత్త కీలు బిగించేస్తే, నాలుగు నెలల తర్వాత చీముపట్టినా ఆవిడ ఖర్మ అనేసి ఊరుకోవచ్చు.

"నాలుగింటికి కదా. టైముంది, పదండి," అంది క్యాథరిన్ లేస్తూ.

అప్పుడే అతని ఫోను మోగింది. భార్య ఇందుమతి. స్పీకరు నొక్కాడు.

"ఏవండీ, కంగారుపడకండి. డాక్టరుగారు ఆపరేషను ముందుకి జరిపారు. పొద్దున ఎవరో ఏలూరునుంచి వచ్చి వెళ్ళారట, ఆ తర్వాత ఉన్నట్టుండి ఇప్పుడే చేసేద్దాం అన్నారు. అత్తయ్యగారిని లోపలికి తీసుకెళ్ళి చాలాసేపయింది. మీకు ఫోను కలవలేదండీ."

క్యాథరిన్ కళ్ళు మూసుకుంది. ఏలూరునుంచి వచ్చింది తనే. బంతిమాట ఆయన చెవిన వేసింది తనే. ఏమీ తెలియకుండానే పోయి, నీ గుట్టు బయటపడిందని హంతకుడికి చెప్పి వచ్చింది. పాతికేళ్ళ ఉద్యోగంలో ఇంత అలసట ఆమెకి ఎప్పుడూ రాలేదు.

"గూడెం టౌన్ స్టేషన్‌కి చెప్తాను. తలుపులు బద్దలుకొట్టి ఆపమంటాను," అన్నాడు ఫణికిరణ్. నంబరు తప్పు నొక్కాడు.

"ఆపి?" అంది క్యాథరిన్. "తుంటి కోసి ఉంది ఫణీ. కోసినవాణ్ణి పట్టుకుపోతే కుట్టేదెవరు?"

ఆ 'ఫణీ' విని అతను ఆమెవైపు చిన్నపిల్లాడిలా చూశాడు. పన్నెండేళ్ళ తర్వాత పిలిచింది అలా. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి నన్నేం చెయ్యమంటారు మేడమ్? మా అమ్మండీ."

ఆమె అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. "ఇందుమతీ, నేను క్యాథరిన్ని. నేను చెప్పినట్టు చెయ్యమ్మా. థియేటరు తలుపు కొట్టు. సిస్టరు వస్తే ఈ ఫోను డాక్టరుగారి చెవి దగ్గర పెట్టమను. పోలీసులని అనకు. ఇన్‌స్పెక్టరుగారు ఒక్కమాట మాట్లాడాలట అను."

చెప్పుల చప్పుడు. తలుపు చప్పుడు. ఎవరో వద్దనడం, ఇందుమతి ఏడుస్తూ బతిమాలడం. ఆ తర్వాత మిషన్ల టిక్కుటిక్కులు. జీపులో విశ్వాసం చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. ఎవరికోసం ప్రార్థిస్తున్నాడో అతనికే తెలియాలి.

"చెప్పండి," అంది సూర్యనారాయణ గొంతు.

"డాక్టరుగారూ, పొద్దున నాకు తెలియక అడిగాను, ఇప్పుడు తెలిసి చెప్తున్నాను. అబ్బులు జేబులో ఉన్న రెండు ఉండలూ నా చేతిలో ఉన్నాయి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. ఆవిడ మీ బల్లమీదుంది. కొత్త కీలు వెయ్యకండి. లోపలంతా మళ్ళీ శుభ్రం చెయ్యండి. ఇంకో బంతి చేసి పెట్టండి. ఈసారి మందు కలపండి. మీరు డాక్టరు కదండీ. ఆ ఒక్క పనీ చెయ్యండి."

 మిషను టిక్కుటిక్కుమంటూనే ఉంది. అవతలి గొంతు బాగా అలిసిపోయి, దాదాపు మామూలుగా వినిపించింది.

"కలిపేవాడేడండీ?"

ఫోను కట్టయింది.